వేలిముద్ర కలిసినంత మాత్రాన డబ్బు ఖాతాదారే తీసినట్టా? ఒక ఏఈపీఎస్ మోసం కేసు పూర్వాపరాలు

2023లో నేను చూసిన ఈ కేసులో పోయిన సొమ్ము రూ. 37,500. వినియోగదారుల కమిషన్లలో బ్యాంకింగ్ వివాదాలు నడిపే న్యాయవాదిగా ఇంతకంటే చాలా పెద్ద మొత్తాల కేసులు చూశాను. అయినా ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ ద్వారా, అంటే ఏఈపీఎస్ ద్వారా, డబ్బు పోగొట్టుకున్న సామాన్య ఖాతాదారు ఏ దశలో ఏ కాగితం సంపాదించాలో, బ్యాంకు చెప్పే ఏ మాటకు ఏ జవాబు ఇవ్వాలో ఇంత స్పష్టంగా చూపించే కేసు మరొకటి నా దస్త్రాల్లో లేదు. అందుకే కక్షిదారు అనుమతి తీసుకుని, ఆమెను గానీ బ్యాంకును గానీ గుర్తుపట్టే వివరాలు తొలగించి, వ్యవహారం మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

జరిగిన విషయం

కక్షిదారు అరవై దాటిన మహిళ. కోస్తాలోని ఒక మండల కేంద్రంలో ఒంటరిగా ఉంటారు. భర్త పోయిన తర్వాత కొంత పొలం అమ్మి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు రాసిచ్చారు. ఆ తర్వాత కొన్ని నెలలకు మోకాలి శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో చేరారు. ఇంటికి వచ్చి, నడవగలిగే స్థితికి చేరాక బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుంటే, తాను తీయని నాలుగు విత్‌డ్రాయల్స్ కనిపించాయి. మూడు సార్లు పదేసి వేలు, ఒకసారి రూ. 7,500. ప్రతి ఎంట్రీ పక్కన ఏఈపీఎస్ అన్న అక్షరాలు, 12 అంకెల రిఫరెన్సు నంబరు ఉన్నాయి. మొదటి విత్‌డ్రాయల్ జరిగి అప్పటికే దాదాపు ఏడు వారాలైంది.

కౌంటర్‌లోని ఉద్యోగి కంప్యూటర్ చూసి, "మీ వేలిముద్ర పడిందమ్మా, మీరే ఎక్కడో తీసుకుని మరిచిపోయి ఉంటారు" అన్నారు. ఆమె ఎన్నడూ ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఫోన్‌లో బ్యాంకు యాప్ లేదు. ఖాతాకు మొబైల్ నంబరు కూడా అనుసంధానం కాలేదు. కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "ఓటీపీ అని ఎవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు, మరి డబ్బెలా పోయింది వకీలు గారూ?" అని.

ఆ ప్రశ్నకు జవాబు ఏఈపీఎస్ పనిచేసే తీరులోనే ఉంది. ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర, కొన్ని కిరాణా కొట్లలో కనిపించే మైక్రో ఏటీఎంలో ఖాతాదారు తన ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే చాలు, నగదు చేతికి వస్తుంది. కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. బ్యాంకు శాఖ లేని ఊళ్లో పింఛను, ఉపాధి హామీ కూలీ డబ్బు చేతికి అందాలంటే ఇంత సులువైన పద్ధతి మరొకటి లేదు, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆధార్ నంబరు, వేలిముద్ర నకలు రెండూ ఒకే కాగితం మీద ఇంకొకరి చేతికి చిక్కితే, ఆ మనిషికి మూడో వస్తువుతో పనిలేదు.

అలాంటి కాగితం ఏదన్నది ఈ కేసులో చివరి వరకూ రుజువు కాలేదు. నా అనుమానం మాత్రం పొలం దస్తావేజు మీదే ఉంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 32ఏ సెక్షన్ ప్రకారం దస్తావేజుకు ఫొటోలు, వేలిముద్రలు జతచేయాలి. గుర్తింపు కోసం ఆధార్ ప్రతి కూడా చాలాచోట్ల దానితోపాటే వెళ్లేది. అదే చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లను రుసుము చెల్లించి ఎవరైనా పొందవచ్చు. ఆస్తి కొనేవాడు పూర్వాపరాలు చూసుకోవడానికి పెట్టిన మంచి నిబంధన అది, వేలిముద్ర డబ్బు తీసే సాధనం కాని రోజుల్లో పెట్టిన నిబంధన. 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడిన కేసులో, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దించుకున్న దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సంఖ్యలో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. సిమ్ కోసం వాడిన ఎత్తు నగదు కోసం వాడడానికి పెద్ద తెలివి అవసరం లేదు.

ముందుగా సంపాదించిన కాగితం

ఖాతాదారులు సాధారణంగా ముందు బ్యాంకుతో వాదనకు దిగుతారు. నేను ముందు ఆధార్ ఆథెంటికేషన్ హిస్టరీ తీయించాను. ఇది ఆధార్ పోర్టల్‌లోనూ, ఎంఆధార్ యాప్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ఆధార్‌కు లింకైన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో తెరవాలి. ఈమె ఆధార్‌కు కూతురి నంబరు లింకై ఉండటం మాకు కలిసొచ్చింది. ఏ తేదీన, ఏ సమయానికి, ఏ సంస్థ, ఏ పద్ధతిలో ఆధార్ ధ్రువీకరణ అడిగిందో, అది నెగ్గిందో విఫలమైందో అందులో వరుసగా ఉంటుంది.

దీనికి గడువుంది, చాలామందికి అది తెలియదు. హిస్టరీలో గత ఆరు నెలల వివరాలే, అదీ గరిష్ఠంగా 50 రికార్డులే కనిపిస్తాయి. ఆథెంటికేషన్ రికార్డులను ఆరు నెలలకు మించి ఉంచరాదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుల గోప్యత కోసం చెప్పిన ఆ మాట సరైనదే. అయితే మోసపోయిన మనిషికి దాని అర్థం వేరు: బ్యాంకు జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోపు సాక్ష్యమే చేతికి అందకుండా పోతుంది. అందుకే ఇంకే పని చేయకముందే దాన్ని డౌన్‌లోడ్ చేసి, ముద్రించి పెట్టుకోవాలి.

ఈ కేసులో ఆ పట్టిక మూడు విషయాలు చెప్పింది. మొదటిది, నాలుగు విత్‌డ్రాయల్స్‌కూ ధ్రువీకరణ అడిగింది ఒకే సంస్థ, అది ఆమె ఖాతా ఉన్న బ్యాంకు కాదు. రెండోది, మొదటి విత్‌డ్రాయల్‌కు కాస్త ముందు అదే సంస్థ నుంచి వరుసగా విఫల ప్రయత్నాలు ఉన్నాయి, వాటి పక్కన 300 అనే ఎర్రర్ కోడ్ ఉంది. వేలిముద్ర సరిపోలలేదని ఆ కోడ్‌కు అర్థం. దీన్ని మేం పెద్దగా వాడుకోలేదు. వయసు మీరినవారి, పొలం పనులు చేసినవారి వేళ్లు అరిగిపోయి నిజంగానే పలుమార్లు విఫలమవుతుంటాయి కాబట్టి ఆ ఒక్క సంగతితో మోసం రుజువు కాదు, అవతలి పక్షం ఇట్టే తిప్పికొడుతుంది.

కేసును నిలబెట్టింది మూడో విషయం. రెండో విత్‌డ్రాయల్ సమయం ఉదయం 11 గంటల 7 నిమిషాలు. అదే రోజు ఉదయం పదిన్నరకు ఆమెకు మత్తు ఇచ్చినట్టు ఆసుపత్రి శస్త్రచికిత్స పత్రాల్లో ఉంది. డిశ్చార్జి సమ్మరీలో సాధారణంగా చేరిన తేదీ, పంపిన తేదీ మాత్రమే ఉంటాయి. సమయంతో సహా కావాలంటే కేసు షీటు ప్రతిని రాతపూర్వకంగా అడగాలి. అడిగాం, ఇచ్చారు. మూడో విత్‌డ్రాయల్ కూడా ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే జరిగింది. మొదటి, నాలుగో విత్‌డ్రాయల్స్ సమయానికి ఆమె ఎక్కడున్నారో చూపించే కాగితం లేదు. కానీ నాలుగూ ఒకే సంస్థ ద్వారా, ఒకే పద్ధతిలో, తక్కువ వ్యవధిలో జరిగాయి కాబట్టి రెంటిని మోసమని ఒప్పుకోక తప్పని బ్యాంకు మిగతా రెంటిని ఆమెకు అంటగట్టలేదన్నది మా వాదన.

ఆ రోజే ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రతో ధ్రువీకరణ జరగకుండా ఆపే తాళం, వేయించాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం. మోసం జరిగిన గంటల్లో చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపించడానికి 1930 ఉపయోగపడుతుంది. నగదు రూపంలో బయటికి వెళ్లి వారాలు గడిచాక అది సాధ్యం కాదు. అయినా ఫిర్యాదు నంబరు, తేదీ మనకు కావాలి. స్థానిక పోలీసు స్టేషన్‌లో మోసం నేరంతో పాటు ఐటీ చట్టంలోని 66సి, 66డి సెక్షన్ల కింద ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాం.

బ్యాంకుకు రాసిన లేఖ, వచ్చిన జవాబు

శాఖకు ఇచ్చిన ఫిర్యాదులో ప్రతి విత్‌డ్రాయల్‌కు తేదీ, మొత్తం, రిఫరెన్సు నంబరు విడివిడిగా రాసి, హిస్టరీ, కేసు షీటు, పోలీసు రసీదు జతచేశాం. నకలు మీద శాఖ ముద్ర, తేదీ, సంతకం తీసుకున్నాం. "తీసుకున్నాం లెండి, చూస్తాం" అని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దని కూతురికి ముందే చెప్పాను. ముద్ర వేయడానికి శాఖ వెనుకాడితే అదే ఫిర్యాదును బ్యాంకు వారి అధికారిక ఈమెయిల్‌కు, రిజిస్టర్డ్ పోస్టులో శాఖకు పంపాలి. ఫిర్యాదు చివరన ఐదు వివరాలు అడిగాం: డబ్బు చెల్లించిన మైక్రో ఏటీఎం టెర్మినల్ నంబరు, అది ఉన్న ఊరు, ఆపరేటర్ పేరు, అతన్ని నియమించిన బ్యాంకు పేరు, లావాదేవీ రసీదు నకలు.

వచ్చిన జవాబు రెండు వాక్యాలు. బయోమెట్రిక్ ధ్రువీకరణ విజయవంతమైంది కాబట్టి లావాదేవీలు ఖాతాదారు చేసినవిగానే భావిస్తున్నామని, ఆలస్యంగా ఫిర్యాదు చేసినందున బ్యాంకుకు బాధ్యత లేదని. అడిగిన ఐదు వివరాల ప్రస్తావనే లేదు.

ఇలాంటి జవాబు చూసి ఎక్కువమంది వెనక్కి తగ్గుతారు. నిజానికి ఆ రెండు వాక్యాల్లో ఏదీ చట్టం ముందు నిలవదు. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన, అప్పట్లో అమల్లో ఉన్న సర్క్యులర్, ఖాతాదారు బాధ్యతను రుజువు చేయాల్సిన భారాన్ని బ్యాంకు మీద పెట్టింది. వేలిముద్ర కలిసిందంటే వ్యవస్థ ఒక ముద్రను అంగీకరించిందని అర్థం, అంతే. ఆ ముద్ర వెనుక ఉన్నది ఖాతాదారు వేలా, రబ్బరు తొడుగా అన్నది వేరుగా తేల్చాల్సిన విషయం. కోర్టులో సంతకం కలిసిందన్నంత మాత్రాన అది ఫోర్జరీ కాదని తేలిపోదు కదా, ఇదీ అంతే.

ఆలస్యం సంగతికి వస్తే, అప్పటి సర్క్యులర్‌లోని గడువులను జాగ్రత్తగా చదవాలి. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారు మీద పైసా భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే మామూలు పొదుపు ఖాతాకు ఒక్కో లావాదేవీకి గరిష్ఠ భారం రూ. 10,000. ఏడు దాటితే బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం. అయితే ఈ లెక్క లావాదేవీ జరిగిన రోజు నుంచి మొదలవదు, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి ఖాతాదారుకు సమాచారం అందినప్పటి నుంచి మొదలవుతుంది, అందిన రోజును మినహాయిస్తారు కూడా. ఈమెకు బ్యాంకు ఎస్సెమ్మెస్ పంపలేదు, ఉత్తరం రాయలేదు. పాస్‌బుక్‌లో ఎంట్రీ పడిన రోజే ఆమెకు అందిన మొదటి సమాచారం. అక్కడి నుంచి లెక్కేస్తే ఆమె ఫిర్యాదు గడువులోనే ఉంది.

అంతటితో ఆగలేదు. ఎస్సెమ్మెస్ అలర్టుల కోసం ఖాతాదారులచేత తప్పనిసరిగా నమోదు చేయించాలని, మొబైల్ నంబరు ఇవ్వని ఖాతాదారులకు ఏటీఎం నగదు విత్‌డ్రాయల్ తప్ప ఇతర ఎలక్ట్రానిక్ లావాదేవీల సౌకర్యం ఇవ్వరాదని ఆ సర్క్యులరే చెప్పింది. నంబరు లేని ఖాతా మీద ఏఈపీఎస్ తెరిచి ఉంచడం బ్యాంకు లోపమని వాదించాం. బ్యాంకు లోపం ఉన్నచోట ఖాతాదారు ఎప్పుడు ఫిర్యాదు చేశారన్న దానితో సంబంధం లేకుండా పూర్తి బాధ్యత బ్యాంకుదే. మైక్రో ఏటీఎం కూడా ఏటీఎమే కదా అని బ్యాంకు తర్వాత అన్నది. కెమెరా, కార్డు, పిన్ లేకుండా ఒక ప్రైవేటు ఆపరేటర్ చేతిలో ఉండే పరికరాన్ని ఏటీఎంతో సమానం చేయలేరని జవాబిచ్చాం.

బ్యాంకు తీసుకున్న మరో దారి నాకు నిజంగా కోపం తెప్పించింది. ఖాతాదారు ఎక్కడో తన వేలిముద్రను నిర్లక్ష్యంగా ఇచ్చి ఉంటారని, కాబట్టి నష్టం ఆమే భరించాలని రాశారు. పిన్‌ను ఇతరులకు చెప్పడం నిర్లక్ష్యమే. సర్క్యులర్ కూడా చెల్లింపు రహస్యాలను పంచుకోవడాన్నే ఉదాహరణగా చూపింది. వేలిముద్ర రహస్యం కాదు. రిజిస్ట్రార్ ముందు ఇవ్వమని చట్టమే శాసిస్తుంది, రేషన్ దుకాణంలో నెలనెలా పెట్టాల్సి వస్తుంది. పిన్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేరు. చట్టం అడిగినందుకు వేలిముద్ర ఇచ్చిన మనిషిని నిర్లక్ష్యపరురాలు అనడం న్యాయం కాదని ఆ పేరా నేను చాలా శ్రద్ధగా రాశాను.

అంబుడ్స్‌మన్ దగ్గర

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా ఉంది. చెల్లించిన ప్రతిఫలం రూ. 5 లక్షలలోపు కేసులకు అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. అయినా మొత్తం చిన్నది, వివాదం ప్రధానంగా రిజర్వు బ్యాంకు సర్క్యులర్ మీదే ఆధారపడింది, ఆమె వాయిదాలకు తిరిగే స్థితిలో లేరు. అందుకే 2021 నవంబరు 12న మొదలైన రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకాన్ని, అంటే బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విని తేల్చే ఏర్పాటును, ఎంచుకున్నాం. బ్యాంకుకు ఫిర్యాదు చేశాక 30 రోజులు ఆగాలి, లేదా ఈలోపు తిరస్కరణ రావాలి. అప్పటి పథకం ప్రకారం తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాల్సి ఉండేది. పైసా ఖర్చు లేదు, అంతా రిజర్వు బ్యాంకు వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లోనే జరుగుతుంది. పోలీసు కేసు నడుస్తున్నా అడ్డు కాదు. కానీ అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో ఉంటే ఇక్కడ విచారించరు కాబట్టి రెండు చోట్లా ఒకేసారి వేయకూడదు.

ఈ పథకంలో ఒక నిబంధన ఉంది: న్యాయవాది తానే బాధితుడైతే తప్ప, ఇతరుల తరఫున ఫిర్యాదు వేయరాదు. కాబట్టి ఫిర్యాదు నేను తయారుచేసినా, దాఖలు చేసింది అధీకృత ప్రతినిధిగా ఆమె కూతురు. ఇది మంచి నిబంధన. అంబుడ్స్‌మన్ వద్దకు తీసుకెళ్తానని ఎవరైనా వకీలు, ఏజెంటు డబ్బు అడిగితే ఆ అవసరం లేదని పాఠకులు గుర్తించాలి. తెలుగులో రాసిన కాగితాలున్నా పర్వాలేదు, తేదీల వరుస తప్పకుండా ఉండాలి.

విచారణలో అంబుడ్స్‌మన్ కార్యాలయం బ్యాంకును టెర్మినల్ వివరాలు, ఖాతాదారు స్వయంగా హాజరైనట్టు ఆధారం అడిగింది. ఏఈపీఎస్ లావాదేవీ ఆ సర్క్యులర్ పరిధిలోకే రాదని బ్యాంకు అన్న మాట ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే అక్కడ కార్డు, మొబైల్ అన్నవి ఉదాహరణలుగా ఇచ్చినవే. శస్త్రచికిత్స సమయం రాసిన కేసు షీటుకు బ్యాంకు దగ్గర జవాబు లేదు. చివరికి రాజీ ప్రతిపాదన వచ్చింది: నాలుగు మొత్తాలూ, అవి పోయిన తేదీల నుంచే ఉన్నట్టుగా వడ్డీ లెక్కతో, ఖాతాలో జమ. మానసిక వేదనకు పరిహారం ఇవ్వరు. అప్పటి పథకం ప్రకారం ఆ పద్దు కింద లక్ష రూపాయల వరకు ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉండేది, అడగవచ్చు కూడా. కానీ ఆమెకు మందుల ఖర్చుకు డబ్బు వెంటనే కావాలి. ఒప్పుకోమని సలహా ఇచ్చాను, అదే సలహా ఇప్పుడూ ఇస్తాను. 2017 సర్క్యులర్ ప్రకారమైతే ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోనే బ్యాంకు ఆ సొమ్మును తాత్కాలికంగా జమచేసి, 90 రోజుల్లో వివాదం తేల్చాల్సింది. ఈ పది రోజుల మాటను మొదటి ఫిర్యాదులోనే రాయడం మంచిది.

రాజీతో ముగిసింది కాబట్టి ఈ కేసు ఇతరులు తమ కేసుల్లో చూపించుకోగల నజీరు కాదు. ఇప్పుడు అలాంటి ఫిర్యాదు రాస్తే నేను రెండు తీర్పులు కలుపుతాను. ఎస్సెమ్మెస్ అలర్టుకు ఖాతాదారు స్పందించలేదన్న కారణంతో బ్యాంకు బాధ్యత తప్పించుకోలేదని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. మోసంలో పోయిన రూ. 94,204.80 బ్యాంకే చెల్లించాలన్న గౌహతి హైకోర్టు నిర్ణయంలో జోక్యానికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ కేసులో ఖాతాదారు 24 గంటల్లోపు తెలియజేశారన్నది మరవకూడదు.

లాక్ వేశాక ఎదురైన ఇబ్బంది

బయోమెట్రిక్ లాక్ వేసిన కొద్ది రోజులకు హిస్టరీ మళ్లీ చూస్తే అదే సంస్థ నుంచి ఇంకో ప్రయత్నం కనిపించింది. ఈసారి కోడ్ 330, అంటే బయోమెట్రిక్ లాక్ అయి ఉంది. ఆ ఒక్క వరుసను కూడా ముద్రించి అంబుడ్స్‌మన్ ఫిర్యాదుకు జతచేశాం. మోసగాడి దగ్గర ఆమె వేలిముద్ర ఇంకా ఉందని అది తేల్చిచెప్పింది.

కానీ లాక్ వేశాక ఆమె రేషన్ దుకాణంలో వేలు పెడితే యంత్రం తీసుకోలేదు. ఇది ముందే చెప్పవలసిన విషయం, ఎందుకంటే బియ్యం ఆగిపోయిందని భయపడి చాలామంది లాక్ శాశ్వతంగా తీసేస్తారు. తీయనక్కర్లేదు. ఎంఆధార్ యాప్‌లో తాత్కాలిక అన్‌లాక్ ఉంది, పది నిమిషాల తర్వాత దానంతట అదే మళ్లీ లాక్ అవుతుంది. దుకాణం ముందు వరుసలో మన వంతు వచ్చేటప్పుడు కూతురో కొడుకో ఫోన్‌లో అన్‌లాక్ చేస్తే సరిపోతుంది. కార్డులోని మరో కుటుంబ సభ్యుడు వేలు పెట్టినా పని జరుగుతుంది. ప్రభుత్వ పథకాల డబ్బు ఖాతాలో పడటానికి లాక్ ఏమాత్రం అడ్డు కాదు. వేలిముద్రతో డబ్బు తీసే అవసరమే లేనివారు తమ ఖాతా మీద ఏఈపీఎస్ విత్‌డ్రాయల్ ఆపమని బ్యాంకుకు రాసివ్వాలి. ఆధార్ లింకునే తొలగించమని మాత్రం రాయకూడదు, దానివల్ల పథకాల జమ ఆగిపోయే ప్రమాదం ఉంది.

పోలీసు కేసులో నిందితుడు దొరకలేదు. మేం అడిగిన ఐదు వివరాల్లో ఆపరేటర్ పేరు, టెర్మినల్ ఉన్న ఊరు చివరి వరకూ మా చేతికి రాలేదు. ఏఈపీఎస్ ఆపరేటర్లను నియమించే బ్యాంకులు వారి గుర్తింపును పూర్తిగా పరిశీలించాలని, మూడు నెలలు లావాదేవీలు చేయని ఆపరేటర్‌ను మళ్లీ పని చేయనిచ్చే ముందు కేవైసీ తిరిగి చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్ 27న ఆదేశాలిచ్చింది, అవి 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆపరేటర్ ఎవరో తమకు తెలియదని చెప్పడానికి అతన్ని నియమించిన బ్యాంకుకు ఇక అవకాశం లేదు కాబట్టి, ఆ ఐదు వివరాలు అడిగే పేరాలో ఈ ఆదేశాన్ని తేదీతో సహా తప్పకుండా ప్రస్తావించాలి.